సగం ఎలుకలు

పుయోలంకా, 2001 ఫిబ్రవరి 11

చెల్లెమ్మ హిల్కాకి,

కొట్టంలో నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. పొద్దుటి నుంచీ కాగిన నీళ్ళు పోస్తూ కూర్చుంటే ఇప్పటికి కదిలింది. ఉత్తరం ఆలస్యమైంది అందుకేనని రాద్దామనుకున్నాను. నిజానికి ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆలస్యం చేశాను.

మా అమ్మాయి మార్యుత్ కూతురి సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బిడ్డ ఉన్నది మీ ఔలు ఆసుపత్రిలోనే కదా. మార్యుత్‌నీ అల్లుణ్ణీ నన్నూ కూర్చోబెట్టి డాక్టరు అంతా చెప్పాడు. కిడ్నీల్లో సన్నటి జల్లెడ ఉంటుందట. మన చిన్నదానికి అది పుట్టుకతోనే సరిగా అల్లుకోలేదట. ఒంట్లో నిలవాల్సిన సత్తువంతా ఆ కంతల్లోంచి ఉచ్చలో పోతోంది. అందుకే ముఖం ఉబ్బి, కళ్ళు తెరవడానికి కూడా అవస్థపడుతోంది. లోకంలో ఇంకెక్కడా లేనంతగా ఈ జబ్బు మన ఫిన్లాండులోనే ఉందట. ఒలింపిక్సులో రాని బంగారం మనకి ఇందులో వచ్చింది.

ఆయన చెబుతుంటే నాకు అమ్మ గుర్తొచ్చింది. నాకూ నీకూ మధ్యలో ఇద్దరు పుట్టి పోయారు. నువ్వప్పటికి పుట్టలేదు, నేను చూశాను. బుగ్గలు అచ్చం ఇలాగే ఉండేవి. మంత్రసాని బిడ్డతో వచ్చిన మాయను దీపం దగ్గరికి తీసుకెళ్ళి, ఇంత పెద్దదా అన్నట్టు తలాడించింది. ఎవరూ ఏమీ అనలేదు. మనింట్లో ఎప్పుడు ఎవరు ఏమన్నారు గనక.

మార్యుత్ అంటోంది, నువ్వు పనిచేసే ప్రయోగశాల ఎలుకల ఇంట్లో సరిగ్గా ఈ జబ్బుతోనే పుట్టించిన చిట్టెలుకలున్నాయని. ఇన్నేళ్ళూ నిన్ను ఎలుకలకి పక్కలేసే దొరసాని అని వెక్కిరించాను. ఇప్పుడు వెక్కిరించడం లేదు, అడుగుతున్నాను. అవి బతుకుతాయా? డాక్టర్ల మాట నాకు అర్థం కాదు. నువ్వు చెబితే అర్థమవుతుంది.

మార్చి చివర్లో ఇక్కడే, ఇంట్లోనే జ్ఞానస్నానం, నామకరణం. పిల్లకి దేవుడి ముందు పెద్దదిక్కుగా నిలబడేది నువ్వేనని మార్యుత్ ఖాయం చేసేసింది. పేరేమిటో నాకూ చెప్పడం లేదు.

అన్నయ్య
ఒయివా


ఔలు, 2001 ఫిబ్రవరి 19

అన్నయ్యా,

నీ చేతిరాత చూసి కవరు వెంటనే చింపలేదు. నువ్వు ఉత్తరం రాశావంటే ఎవరో పోయి ఉండాలి. చదివాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

చిన్నదాన్ని చూసి వచ్చాను. మార్యుత్ ఎత్తుకోమంటే ఎత్తుకున్నాను. బరువుగానే ఉంది, కానీ సగం నీళ్ళ బరువేనట. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పడుతున్నారు. అర్తో మంచం పక్కన నిలబడి, నర్సు చేసే ప్రతి పనీ పరీక్షకి చదివేవాడిలా చూస్తున్నాడు. రేపు ఇంటికి తీసుకెళ్ళాక పోతున్న సత్తువకి బదులు రాత్రుళ్ళు సీసా ఎక్కించేది తనేనట. నీ అల్లుణ్ణి నువ్వు ఎప్పుడూ మెచ్చుకోవు. ఈసారి మెచ్చుకో.

మా ఎలుకల సంగతి అడిగావు. నువ్వు విన్నది నిజమే. ఆ జల్లెడని అల్లే జన్యువుని చెడగొట్టి పుట్టించినవి మా దగ్గర ఉన్నాయి. వాటి మీద పరిశోధన చేసేది సోయిలి, మా అందరికీ పెద్ద. నా పని నీకు తెలిసిందే. వాటి పెట్టెల్లో రంపపు పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు కడగడం, గూడు కట్టుకోవడానికి కాగితం ముక్కలు వెయ్యడం, పిల్లలు పుడితే లెక్క చెప్పడం.

పోయిన వారం ఒక పిల్ల బతికింది అన్నయ్యా. బతకకూడనిది బతికింది. సోయిలి వాళ్ళు దానికి మంచి జన్యువుని మళ్ళీ ఇచ్చారు. చొక్కా బొత్తామంత ఉంది. చర్మం ఎంత పలచనంటే పొట్టలో తాగిన పాలు తెల్లగా పైకి కనిపిస్తున్నాయి. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే సోయిలి ఆ రోజు మా అందరికీ కేకు తెచ్చింది. నేను రెండు ముక్కలు తిన్నాను, ఒకటి నీ పేరు మీద.

కాబట్టి ధైర్యంగా ఉండు. నీళ్ళ గొట్టానికి పాత దుప్పటి చుట్టు.

నీ చెల్లి
హిల్కా


పుయోలంకా, 2001 ఏప్రిల్ 2

హిల్కాకి,

నీ మీద కోపంగా ఉంది. కోపం ఉన్నప్పుడే రాయాలి, రేపటికి చల్లారిపోతుంది.

ఊరంతా ముందు గదిలో కూర్చుని ఉంటే నువ్వు గడప దాటలేదు. కాలునొప్పి అన్నావు, మళ్ళీ గాలి కావాలన్నావు. పాస్టరుగారు నీళ్ళ గిన్నె పట్టుకుని వసారాలోకి రావాల్సి వచ్చింది. హీటరు పెట్టి, పిల్లని దుప్పట్లో చుట్టి, పెద్దలంతా కోట్లు వేసుకుని నిలబడితే, సైమి అని పేరు పెట్టించావు. తర్వాత కాఫీ కూడా మెట్ల మీదే తాగావు. ఈనిన ఆవు జున్ను పొయ్యిలో కాల్చి పెడితే అది కూడా చేతిలో పెట్టుకుని పెరట్లో నిలబడి తిన్నావు. పట్నం వాళ్ళకి మన కొట్టం వాసన పడదు కాబోలునని పక్కింటావిడ నాకు వినపడేలా అంది.

ఒంటి నిండా నీరు పట్టిన పిల్ల ఉన్న ఇల్లని భయపడ్డావేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది.

సరే. నువ్వు రాసిన ఆ బొత్తాం సంగతి నన్ను నిలబెట్టింది. దాణా కొట్టులో అందరికీ చెప్పాను. మా చెల్లి వాళ్ళ దగ్గర ఈ జబ్బు ఎలుకకి తగ్గిపోయిందని. వాళ్ళు కూడా సంతోషించారు. ఒకాయన, ఎలుకలకి మందు పెట్టేవాళ్ళని చూశాం గానీ మందిచ్చి బతికించేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాం అన్నాడు. మనుషుల దాకా రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? సోయిలిగారిని అడుగు. ముందుగా ఎవరికివ్వాలని చూస్తుంటే మా ఇంట్లో ఒకత్తె ఉందని చెప్పు.

ఒయివా


ఔలు, 2001 ఏప్రిల్ 15

కోపిష్టి అన్నయ్యకి,

మా ఎలుకల ఇంట్లోకి వెళ్ళాలంటే స్నానం చేసి, లోపలి బట్టలతో సహా అక్కడివే వేసుకోవాలి. బయటి ఎలుకలున్న చోటుకి గానీ, పశువుల కొట్టానికి గానీ వెళ్ళామా, కొన్నాళ్ళు లోపలికి అడుగు పెట్టనివ్వరు. బయటి రోగం ఒక్కటి వచ్చిందంటే మొత్తం ఎలుకల్ని తీసేసి మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అందుకే మా వాళ్ళ పిల్లలెవరూ ఇంట్లో ఎలుకపిల్లని పెంచుకోలేరు. మన ఇంటి దుంగల గోడల్లో చలికాలం అంతా ఎలుకలే కదా. నీ పిల్లి దొంగమొహంది, ఒక్కటి కూడా పట్టదు.

ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు కదా అంటావు. పాస్టరుగారి ముందు, ఊరి ముందు, మా అన్నయ్య ఇంట్లో ఎలుకలున్నాయి, అందుకని లోపలికి రాను అనమంటావా? కాలునొప్పి అనడమే మర్యాద అనిపించింది. నువ్వు వాసన అనుకున్నావు. ఇంత బతుకు బతికి అన్నాచెల్లెళ్ళం ఒకళ్ళకొకళ్ళం ఒక్క ప్రశ్న అడగలేకపోయాం.

సైమి అన్న పేరు నాకు చాలా నచ్చింది. నీళ్ళు నెత్తిన పడగానే కళ్ళు తెరిచి నన్నే చూసింది.

బొత్తాం గురించి మాత్రం కొట్టులో అప్పుడే చాటింపు వెయ్యకు. దాన్ని మందు అనకూడదు, దారి ఇంకా చాలా దూరం ఉంది. సోయిలిని అడగమన్నావు, ఆవిడ ఊళ్ళో లేదు. బొత్తాం మాత్రం బాగుంది. తోబుట్టువుల్ని తోసుకుని మేత తింటోంది.

నీ హిల్కా


పుయోలంకా, 2001 జూన్ 25

హిల్కాకి,

వేసవి పండగ గడిచింది. ఒడ్డున మంట వేశాం గానీ మంట చుట్టూ ఎవరి మొహాలూ బాగా లేవు.

సైమికి ఈ నెలలో రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండుసార్లూ ఆసుపత్రికి పరిగెత్తారు. ఇప్పుడు డాక్టర్లు రెండు కిడ్నీలూ తీసేద్దాం అంటున్నారు. రెండూనూ. తీసేసి, పొట్టకి గొట్టం పెట్టి, రాత్రంతా యంత్రానికి తగిలించి పడుకోబెడతారట. పది కిలోల బరువు వస్తే అప్పుడు వేరేవాళ్ళ కిడ్నీ పెడతారట. పిల్ల ఇప్పుడు ఆరు కిలోలు లేదు.

నేను మార్యుత్‌తో గట్టిగా చెప్పాను, సంతకం పెట్టొద్దని. నువ్వే రాశావు కదా, దారి దూరమని. దూరమంటే దారి ఉందనే కదా. రేపు మీ మందు వచ్చేనాటికి కిడ్నీలే లేకపోతే ఆ మందు ఎక్కడ వేస్తారు? ఇల్లు కూల్చేసి తలుపు బాగు చేయించడమా? శీతాకాలం దాకా ఆగుదాం అన్నాను. మార్యుత్ నా మాట మీద ఆగింది.

అర్తో మాత్రం లేచి నిలబడ్డాడు. పెళ్ళయ్యాక ఆ కుర్రాడు నాకు ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. "మామయ్యా, మీరు ఎలుకకి తాత కాదు. దీనికి తాత" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆవిరిగది పక్కన గదిలో ఒక్కడే పడుకుంటున్నాడు. నాతో మాట్లాడడు. సీసా ఎక్కించే వేళకి వచ్చి, పని చేసి, వెళ్ళిపోతాడు.

నీ నుంచి ఒక్క మాట కావాలి. శీతాకాలానికి అందుతుందా లేదా? అది చూపించి అర్తో నోరు మూయిస్తాను.

ఒయివా


ఔలు, 2001 జూన్ 28

అన్నయ్యా,

మార్యుత్‌కి ఇవాళే ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఫోన్లో నువ్వు ఊఁ అనడం తప్ప ఏమీ అనవు గనక నీకు ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

అవి బతుకుతాయా అని ఫిబ్రవరిలో అడిగావు. బతకవు. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా చెడ్డ జన్యువే వచ్చిన పిల్లలు పుట్టిన రోజే పోతాయి. పొద్దున్నే పెట్టెలు తెరిచి వాటిని తీసేది నేనే. నీకు రాసిన ఉత్తరంలో ఆ ముక్క వదిలేశాను.

బొత్తాం మందుతో బతకలేదు. అది ఇంకా కంటికి కనపడని అండంగా ఉన్నప్పుడే సన్నటి సూదితో మంచి జన్యువుని దాంట్లోకి పంపారు. ఆ తర్వాతే దాన్ని తల్లి కడుపులో పెట్టారు. పుట్టేసిన బిడ్డకి అలా చెయ్యడం ఎవరికీ చేతకాదు. సోయిలికీ చేతకాదు. శీతాకాలానికి కాదు, సైమి పెద్దదయ్యేదాకా కూడా కాకపోవచ్చు. ఏదో ఒక రోజు ఎవరో ఒక బిడ్డకి పనికొస్తుందని మేమంతా నమ్ముతున్నాం, అందుకే ఆ కేకు. కానీ ఆ బిడ్డ సైమి కాదు.

ఈ మాట అప్పుడే రాయాల్సింది. నీ ఉత్తరంలో అమ్మ సంగతి చదివాక రాయలేకపోయాను. నిజం రాస్తే, సైమి బతికుండగానే నువ్వు దాన్ని పోయిన ఆ ఇద్దరి పక్కన పెట్టేస్తావని భయపడ్డాను. నిన్ను ఓదార్చబోయి దాని పీకల మీదికి తెచ్చాను. నన్ను తిట్టు, పడతాను.

అయితే ఇంకో నిజం కూడా ఉంది, దాన్ని ఇంతే గట్టిగా నమ్ము. మా చిట్టెలుకకి ముక్కులోంచి పాలు పట్టేవాళ్ళు లేరు. దానికి రాత్రంతా మేలుకునే అర్తో లేడు. చెడ్డ కిడ్నీలు తీసేసి, అవి చేసే పని చెయ్యడానికి యంత్రం లేదు. కొత్త కిడ్నీ ఇచ్చే మనిషి లేడు. సైమికి ఇవన్నీ ఉన్నాయి. మన అమ్మ పిల్లలకి ఇందులో ఒక్కటీ లేదు. ఇలా కిడ్నీ మార్చిన పిల్లలు ఇవాళ మన దేశంలో బడికి వెళ్తున్నారు.

సోయిలిని నేరుగా అడిగాను. "ఆ కిడ్నీలు ఉన్నంతకాలం పిల్ల తిన్నది పిల్లకి అందదు హిల్కా. నా మనవరాలైతే నిన్ననే తీయించేదాన్ని" అంది.

మార్యుత్‌కి నువ్వే చెప్పు, సంతకం పెట్టమని. నా ఫోన్‌కి ఏడ్చింది. నీ మాట వింటే గానీ కలం ముట్టదు. తర్వాత ఆవిరిగది దాకా నడిచి, అల్లుణ్ణి ఇంట్లోకి పిలువు.

హిల్కా


పుయోలంకా, 2001 జూలై 22

హిల్కాకి,

సంతకం పెట్టారు. పదిహేడో తారీఖున రెండూ తీసేశారు. సైమి యంత్రం మీద ఉంది. బాగానే ఉందంటున్నారు.

అర్తో ఇంట్లోకి వచ్చాడు, మార్యుత్ పిలిస్తే. నేను పిలవలేదు.

దాణా కొట్టుకి వెళ్ళడం మానేశాను. అందరూ బొత్తాం ఎలా ఉందని అడుగుతున్నారు.

గడ్డి కోతలు. రాయడానికి తీరిక లేదు.

ఒయివా


ఔలు, 2001 అక్టోబరు 14

అన్నయ్యా,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. గడ్డి కోతలు ఎప్పుడో అయిపోయాయని నాకు తెలుసు.

ఆసుపత్రికి పరీక్షకి తెచ్చినప్పుడల్లా సైమిని చూస్తున్నాను. నీరంతా దిగిపోయాక దానికి అసలు మొహం ఒకటుందని తెలిసింది. గడ్డం నీదే, పాపం. కింద రెండు పళ్ళు. గొట్టం పీకేయాలని చూస్తుంది, అర్తో దాని చేతులకి మేజోళ్ళు తొడిగాడు. ఏడు కిలోలు దాటింది. అది కక్కేసినా మార్యుత్ మళ్ళీ పాలు పడుతుంది. మళ్ళీ కక్కినా మళ్ళీ పడుతుంది. ఒక్కో గ్రాము కోసం మార్యుత్, అర్తో ఇద్దరూ చేసే యుద్ధం చూస్తే, మనం బరువు తగ్గాలని మొత్తుకోవడం సిగ్గనిపించింది.

ఒక వింత చెప్పనా. దానికి లంగోటాలు మార్చక్కర్లేదు. అంటే, దొడ్డికి వెళ్తే తప్ప. కిడ్నీలు లేవు గనక ఉచ్చే రాదు. మిగతా తల్లులు విసుక్కుంటూ తడి గుడ్డలు మారుస్తుంటే మార్యుత్ వాళ్ళవంక అసూయగా చూస్తుంది. ఆ మాట తనే చెప్పి నవ్వింది, నవ్వి ఏడ్చింది.

నువ్వు నన్ను క్షమించావో లేదో అడగను. నీ చేతిరాత మాత్రం చూడాలనుంది.

హిల్కా


పుయోలంకా, 2002 ఫిబ్రవరి 3

హిల్కా,

క్షమించడానికి నువ్వేమన్నా పొలం గట్టు జరిపావా. కోపం నీ మీద కాదు, నా మీద. నేను దాణా కొట్టులో గొప్పలు చెప్పుకున్నందుకు, ఆ గొప్పల కోసం పిల్లని శీతాకాలం దాకా ఆపాలనుకున్నందుకు. అది రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. ఇక వదిలేద్దాం.

సైమి తొమ్మిది కిలోలకి దగ్గరపడింది. కిడ్నీ ఎవరిస్తారని పరీక్షలు చేశారు. అర్తో ముందు చెయ్యి చాపాడు, రక్తం కలవలేదు. మార్యుత్‌కి కాన్పు అయినప్పటి నుంచీ రక్తపోటు, వద్దన్నారు. నన్ను చూశారు. ముసలి గుర్రమే గానీ లోపల గట్టిదేనట. అన్నీ సరిపోయాయి.

అయితే నాకు ఒకటి పట్టుకుంది, నిద్ర పట్టనివ్వడం లేదు. ఇద్దరు తోబుట్టువులు ఈ జబ్బుతో పోయిన ఇల్లు మనది. మార్యుత్‌కి ఈ చెడ్డ జన్యువు నా నుంచే వచ్చిందని పరీక్షలో తేలింది. నాది పుచ్చు విత్తనం. ఆ పిల్ల దగ్గర చెడ్డ జల్లెడ తీసేసి మళ్ళీ నా పుచ్చు జల్లెడే పెడితే ఏం ఉపయోగం? డాక్టరు ఫరవాలేదన్నాడు. ఆయన ప్రతిదానికీ ఫరవాలేదనే అంటాడు. అర్తోని అడుగుదామంటే వాడూ నేనూ ఉప్పు అందుకో, రొట్టె అందుకో అనడం దాటి ముందుకి వెళ్ళలేదు.

నువ్వు చెప్పు. ఈసారి చక్కెర వేయకు.

ఒయివా


ఔలు, 2002 ఫిబ్రవరి 9

అన్నయ్యా,

చక్కెర లేకుండా రాస్తున్నాను.

మా దగ్గర మూడు రకాల పిల్లలు పుడతాయి. రెండు జన్యువులూ మంచివి కొన్ని. రెండూ చెడ్డవి కొన్ని, వాటి సంగతి నీకు చెప్పాను. మిగతావి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. వాటిని మేము సగం ఎలుకలంటాం. తోక చివర చిన్న ముక్క పరీక్షకి పంపితే తప్ప ఏది సగమో ఏది మంచిదో నాకు కూడా తెలియదు. ఇన్నేళ్ళుగా వాటి పక్కలు మారుస్తున్నాను. తింటాయి, కొట్టుకుంటాయి, పిల్లల్ని పెడతాయి, ముసలివై బొచ్చు రాలి లావెక్కి కూర్చుంటాయి. వాటి కిడ్నీల్ని సోయిలి కోసి అద్దాల కింద ఎన్నిసార్లు చూసిందో. ఏ లోపమూ లేదు. జల్లెడ అల్లడానికి ఒక్క మంచి జన్యువు చాలు. రెండు చేతులతో అల్లినా ఒంటిచేత్తో అల్లినా, అల్లాక జల్లెడ జల్లెడే.

నువ్వు సగం ఎలుకవి. నీ కిడ్నీ సగం ఎలుక కిడ్నీ. యాభై తొమ్మిదేళ్ళుగా దాంతోనే పొలం దున్నావు, ఎల్క్ దుప్పుల వేటకి వెళ్ళావు, ఇంత కాఫీ తాగావు. అదే సైమికి వెళ్తుంది.

చేదు కూడా రాస్తాను. సైమి ఒళ్ళు దాన్ని ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా జీవితమంతా మందులు మింగాలి. ఇంకో ఇరవై ఏళ్ళకో ఎప్పటికో మరో కిడ్నీ కావాల్సి రావచ్చు. నీకు కోత నొప్పి నెలలు ఉంటుంది, నీ వయసులో ప్రమాదం బొత్తిగా లేదనీ అనను. ఇవన్నీ తెలిసి చెయ్యి.

పుచ్చు విత్తనం అన్నావు, ఆ మాట మళ్ళీ రాయకు. అమ్మ సగం ఎలుక. నాన్న సగం ఎలుక. ఇద్దరూ గట్టి మనుషులే. ఆ ఇద్దరు పిల్లలూ అమ్మ చేసిన దేనివల్లా పోలేదు. ఎవరైనా ఆవిడ బతికుండగా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది. నీకైనా చెప్పగలుగుతున్నాను.

కొట్టం గురించి ఆలోచించకు. ఊరి సంఘం పంపే బదులు మనిషి పొద్దున పాలు పిండితే సాయంత్రం నేను పిండుతాను. సోయిలికి చెప్పేశాను. వేసవి సెలవంతా ముందే పెట్టేశాను. ఒకసారి మీ కొట్టంలో అడుగు పెట్టాక మళ్ళీ ఎలుకల ఇంట్లోకి ఎలాగూ రానివ్వరు కదా.

నీ సగం చెల్లి కాదు, నిండు చెల్లి
హిల్కా


పుయోలంకా, 2002 మే 12

హెల్సింకీ ఆసుపత్రిలో ఉన్న అన్నయ్యకి,

రేపే కదా. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకోవడం లేదు.

నీ ఆవులకి నేను నచ్చలేదు. నల్లది నన్ను రెండుసార్లు గోడకి నొక్కింది. బదులు మనిషి మంచివాడే గానీ కొట్టంలో పాటలు పాడతాడు. పాలు తగ్గితే నన్ను అనకు. సరస్సు మీద మంచు పగిలింది, పొద్దున్నుంచీ చప్పుడు.

మన ఇంట్లో పడుకుని ఎన్నేళ్ళయిందో. గోడలో ఎలుకలు రాత్రంతా సంసారం చేస్తున్నాయి. అటూ ఇటూ పరుగులు. మా ఎలుకలకి ఉన్నట్టు ఒకదానికీ చెవికి గుర్తు లేదు, ఏది ఎవరి పిల్లో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం హాయిగా అనిపించింది.

సైమి పది కిలోలు దాటిందని మార్యుత్ ఫోన్లో అరిచింది. ఆ పది కిలోల్లో నీ పెద్ద కిడ్నీ ఎక్కడ పడుతుందో నాకు ఊహకి అందడం లేదు. పొట్టలో ముందువైపు పెడతారట. పెట్టనీ.

దేవుడి మీద నాకున్న నమ్మకం నీకు తెలిసిందే. అయినా ఇవాళ సాయంత్రం పాలు పిండుతూ ఆయనతో రెండు మాటలు మాట్లాడాను. మొహమాటం లేకుండా అడిగాను.

హిల్కా


హెల్సింకీ, 2002 మే 21

హిల్కా,

దగ్గితే చాలు ప్రాణం పోతోంది. అందుకని దగ్గకుండా రాస్తున్నాను, మధ్యమధ్య ఆపుతాను.

నన్ను ముందు కోశారు, పక్క గదిలో పిల్లని. కళ్ళు తెరిచేసరికి సాయంత్రం. డాక్టరు వచ్చి చెప్పాడు. సైమి పొట్టలో పెట్టి రక్తం వదలగానే, బూడిదరంగులో ఉన్న కిడ్నీ గులాబీ రంగుకి తిరిగిందట. అక్కడ బల్ల మీదే చుక్కలు చుక్కలుగా కారడం మొదలైందట. ఫరవాలేదు అన్నాడు. ఈసారి నేను నమ్మాను.

మూడో రోజు పిల్లకి జ్వరం వచ్చింది. ఆ రెండు రోజులు ఎలా గడిచాయో రాయను. మార్యుత్ నా దగ్గరికి వచ్చి మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోయేది. మన ఇల్లే మనతో వచ్చింది ఆసుపత్రికి. తర్వాత జ్వరం దిగింది.

నిన్న పొద్దున దానికి గొట్టాలు తీసేశారు. మామూలు పిల్లల్లాగా లంగోటా కట్టారట. అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం నా గది తలుపు తీసుకుని అర్తో వచ్చాడు. చేతిలో ఏదో మడిచి పట్టుకున్నాడు. పడుకోలేక మొహం పీక్కుపోయి ఉంది. మంచం దగ్గరికి వచ్చి దాన్ని నా చేతిలో పెట్టాడు. సైమి లంగోటా. తడిసి బరువుగా ఉంది, ఇంకా వేడిగా ఉంది.

"మామయ్యా, ఇది మీదే" అన్నాడు.

వాడు ఏడుస్తున్నాడు. నాకూ ఆగలేదు, ఏడిస్తే కుట్లు లాగుతాయి, అయినా ఆగలేదు. ఇలా రా కూర్చో నాయనా అన్నాను. కూర్చున్నాడు. పోయిన వేసవిలో వాడన్నదే సరైనదని చెప్పాను. ఫరవాలేదులెండి అన్నాడు, వీడికీ డాక్టరు భాష పట్టుకుంది.

నర్సు వచ్చి అది ఇవ్వండి పారేస్తాను అంది. కాసేపు ఉంచమన్నాను.

నీ అన్నయ్య
ఒయివా